జొన్న రవ్వా, కొర్రలా, ఓట్సా: పొద్దున టిఫిన్‌కి ఏది మేలు?

మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్టులో (HbA1c) నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ఇంకా షుగర్ కాదట, గడప దాకా వచ్చి నిలబడినట్టు. బెజవాడలో పుట్టి పొద్దున్నే ఇడ్లీ, ఉప్మా, దోసె మానెయ్యమంటే ఎక్కడవుతుంది చెప్పండి? అందుకని టిఫిన్ అదే ఉంచి, అందులో వేసే గింజ మారుద్దామని ఇంట్లో తీర్మానం చేసుకున్నాం.

మొదట ఓట్స్, ఎందుకంటే ఎవర్ని అడిగినా అదే చెప్పారు. ఓట్స్‌ని తీసిపారెయ్యలేం. బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు చెడ్డ కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుంది, కానీ దానికి రోజుకి 3 గ్రాములు కావాలి, అంటే దాదాపు 75 గ్రాముల ఓట్స్ తినాలి. మసాలా ఓట్స్ చిన్న పాకెట్లో ఉండేది అందులో సగమే, పైగా ఉప్పు. మూడు నిమిషాల్లో ఉడికే రకాన్ని ముందే ఆవిరి పట్టి, పల్చగా నొక్కి, చిన్న ముక్కలు చేస్తారు కాబట్టి పొయ్యి మీద ఎంత తొందరగా ఉడుకుతుందో పొట్టలోనూ అంత తొందరగా అరుగుతుంది. నాకు పదకొండింటికే ఆకలి. స్టీల్ కట్ ఓట్స్ అయితే గింజని ఊరికే రెండు మూడు ముక్కలు కోసిందే, అది మంచిదే, కాకపోతే అరగంట ఉడకాలి, ధర కూడా ఎక్కువే.

గోధుమ నూక గురించి ఒక్క మాట. గోధుమరంగులో, పొట్టుతో కలిసి కనబడేదే కొనండి. తెల్లటి బొంబాయి రవ్వ కూడా గోధుమదే కానీ పొట్టు, మొలక రెండూ తీసేసిన సరుకు.

కొర్రల దగ్గర మేం బోల్తా పడ్డాం. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ప్రతి కొట్లోనూ కొర్రలే కదా, మా ఆవిడ నిగనిగలాడే పాకెట్ చూసి ముచ్చటపడి తెచ్చింది. ఉప్మా పొడిపొడిగా బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే కొర్రలు, సామలు, ఊదలు, అరికెలకి పైన గట్టి ఊక ఉంటుంది, అది తియ్యందే తినలేం. ఊక ఒక్కటే తీసి ఆపేస్తే తవుడు పొర మిగులుతుంది. ఇంకొంచెం పాలిష్ పడితే అదీ పోతుంది, పేరుకి చిరుధాన్యం, తీరుకి తెల్లన్నం. పాలిష్ పట్టని కొర్రలు కాస్త మసకగా ఉంటాయి, పురుగు తొందరగా పడుతుంది, అందుకే కొట్టువాళ్ళకి వాటి మీద అంత ఇష్టం ఉండదు. కిలో కంటే ఎక్కువ తెచ్చుకోకండి.

జొన్నకి ఈ గొడవ లేదు. నూర్చితే ఊక విడిపోతుంది, గింజ మొత్తం తినేదే, మర దాకా వెళ్ళినా పొట్టుతో సహా రవ్వ అవుతుంది. 100 గ్రాముల్లో 10 గ్రాముల దాకా పీచు, ఇంచుమించు అంతే ప్రొటీన్. గ్లాసు మినప్పప్పుకి రెండున్నర గ్లాసుల జొన్న రవ్వ, రవ్వని విడిగా కనీసం ఐదారు గంటలు నానబెట్టి, నీళ్ళు గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలిపి రాత్రంతా పులియనిస్తే ఇడ్లీ వస్తుంది. తొందరపడి గంట నానబెట్టి వేసిన మొదటి వాయి ఇసుక నమిలినట్టుంది, మావాడు ప్లేటు తోసేశాడు. నానితే మాత్రం, దూదిలా కాకపోయినా, అల్లం పచ్చడితో బాగుంటుంది. పులిస్తే జొన్నలోని ఐరన్ కూడా ఒంటికి బాగా పడుతుంది. నాలుగు తినేవాణ్ణి మూడింటితో ఆగుతున్నాను, ఒంటిగంట దాకా ఆకలి గుర్తు రావట్లేదు.

మా అమ్మది పల్నాడు వైపు. "మేం వరన్నం దొరకక తిన్న జొన్నల్ని నువ్వు పాకెట్లో కొనుక్కొస్తున్నావా, ఒరేయ్!" అని నవ్వింది. తింటోంది మరి.

రాగి జావ మంచిదే, కాల్షియం పాలకంటే రెండింతలు పైనే, కానీ మెత్తటి పిండి జావ గటగటా తాగితే షుగర్ పైకే పోతుంది. నాలాంటివాళ్ళకి జావకంటే రాగి రొట్టె నయం. సజ్జ పిండి పట్టించిన వారం పది రోజుల్లోనే వాడెయ్యాలి, లేకపోతే చేదెక్కుతుంది.

కాబట్టి మా ఇంట్లో జొన్న రవ్వ వారానికి నాలుగు రోజులు, పాలిష్ పట్టని కొర్రలు దొరికిన వారం రెండు రోజులు. పాకెట్ రవ్వ మానేసి జొన్నలే తెచ్చి మరలో బరకగా పట్టమన్నాను. "కోళ్ళకా సార్?" అని అడిగాడు మర అతను. ఇడ్లీకి అనగానే రాళ్ళు కాస్త దగ్గరికి బిగించాడు, ఆ రవ్వ పాకెట్ దానికంటే గంట ముందే నానింది.