ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్: జింక సంగతి దాచేసిన సినిమా

హ్యారీ పోటర్ సినిమాల్లో మూడోదైన 'ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్' (2004) అన్నిట్లోకీ బెస్ట్ అని చాలామంది అంటారు. ఉత్త సినిమాగా చూస్తే ఆ మాటతో పేచీ లేదు. నవల చదివినవాళ్లకు మాత్రం ఒక లోటు గట్టిగా తగులుతుంది. బాధ ఏంటంటే, రెండు నిమిషాల డైలాగ్ ఉంటే అది తీరిపోయేది.

మాయల బడిలో ఎవరు ఎక్కడున్నారో చూపించే మ్యాప్ ఒకటి హ్యారీ చేతికొస్తుంది. దాని మీద మూనీ, వార్మ్‌టెయిల్, ప్యాడ్‌ఫుట్, ప్రాంగ్స్ అని నాలుగు పేర్లు చక్కగా కనబడతాయి. వాళ్లెవరో చివరిదాకా ఎవరూ చెప్పరు. నవలలో 17 నుంచి 19వ అధ్యాయం దాకా ష్రీకింగ్ షాక్ అనే పాడుబడ్డ ఇంట్లో నడిచే మాటల్లో తేలేది ఇదే. ఇప్పుడు హ్యారీకి టీచరైన లూపిన్ చదువుకునే రోజుల్లో తోడేలుగా మారే రాత్రుళ్లు అతన్ని ఒంటరిగా వదలలేక ముగ్గురు స్నేహితులు దొంగచాటుగా జంతురూపాలు నేర్చుకుంటారు. అజ్కబాన్ జైలు నుంచి తప్పించుకున్న సిరియస్ కుక్క, పీటర్ ఎలుక, హ్యారీ తండ్రి జేమ్స్ కొమ్ముల జింక. హ్యారీ పేట్రోనస్ (డిమెంటర్లనే జైలు కాపలా భూతాలను తరిమే వెలుగు మంత్రం) జింక రూపంలో రావడానికి కారణం అదే. ఈ ముక్క తీసేశాక నవల తెలియని ప్రేక్షకుడికి సరస్సు ఒడ్డున కనిపించేది అందమైన వెలుగు జింక, అంతే. లూపిన్‌కి మ్యాప్ గుట్టు ఎలా తెలుసో, సిరియస్ జైలు నుంచి ఎలా బయటపడ్డాడో, ఇంకో టీచర్ స్నేప్‌కి వీళ్లంటే ఎందుకంత కసో కూడా ఇక్కడే తెగిపోయాయి. 142 నిమిషాల సినిమాలో చోటు లేదనడానికి వీల్లేదు. నవలలో లేని మాట్లాడే తలకాయను నైట్ బస్‌లో వేలాడదీయడానికి చోటు దొరికింది కదా!

కాలంలో వెనక్కి తీసుకెళ్లే టైమ్ టర్నర్ దగ్గర మాత్రం సినిమా నవలను దాటేసింది. హాగ్రిడ్ గుడిసెలో ఉండగా ఎక్కడినుంచో రాయి వచ్చి జాడీ పగులుతుంది, ఇంకోటి హ్యారీ తలకి తగులుతుంది. తర్వాత తోడేలు మీదకు రాబోతుంటే దూరంగా ఊళ వినిపించి అది అటు మళ్లుతుంది. మూడు గంటలు వెనక్కి వెళ్లాక తెలుస్తుంది, రాళ్లు విసిరిందీ ఊళ పెట్టిందీ హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీయే అని. ఈ రెండూ సినిమా కోసం కల్పించినవే. రెండోసారి చేసిన పని మొదటిసారే జరిగిపోయి ఉందని ఒక్క డైలాగ్ లేకుండా కళ్లకు కట్టారు. దానికి తగ్గట్టే దర్శకుడు అల్ఫోన్సో కువరోన్ కోటలో పెద్ద లోలకాన్ని ఊపుతూ, వొంపింగ్ విల్లో చెట్టు మీద రుతువులు మారుస్తూ మొదటినుంచీ కాలాన్ని గుర్తుచేస్తూనే ఉంటాడు. డిమెంటర్లు నవలలో నేల మీద జారుతూ వస్తాయి, ఇక్కడ గాలిలో తేలతాయి. రైల్లో అవి కనబడకముందే కిటికీ అద్దం మీద మంచు పాకడం చాలు, ఒళ్లు జలదరిస్తుంది.

హ్యారీ ఇంకో స్నేహితుడు రాన్‌కి మాత్రం నిజంగా అన్యాయం చేశారు. స్నేప్ క్లాసులో హెర్మయొనీని 'అన్నీ తెలిసినదానివి' అని అవమానిస్తే నవలలో రాన్ ఎదురు తిరిగి శిక్ష వేయించుకుంటాడు. సినిమాలో 'ఆయన చెప్పిందీ నిజమేగా' అంటాడు. నవలలో ష్రీకింగ్ షాక్ ఇంట్లో కాలు విరిగి ఉండి కూడా 'హ్యారీని చంపాలంటే మమ్మల్నీ చంపాలి' అని నిలబడేది రాన్. ఆ మాటను హెర్మయొనీకి ఇచ్చేశారు. ఆమె పాత్రకు ఆ అరువు మాట అవసరం లేదు, రాన్‌కి మిగిలింది మూలుగులే.

చీపుళ్ల మీద ఎగురుతూ ఆడే క్విడిచ్ ఆటను ఒక్క మ్యాచ్‌కి కుదించడం ఫర్వాలేదు. హ్యారీకి కానుకగా వచ్చే ఎగిరే చీపురు ఫైర్‌బోల్ట్‌ను క్రిస్మస్ నుంచి క్లైమాక్స్ తర్వాతకు నెట్టడంతో ఆ చీపురు వల్ల స్నేహితుల మధ్య వారాల తరబడి సాగే అలక పోయింది. గాల్లో ఎగురుతున్న హ్యారీ ముఖం మసకగా ఫ్రీజ్ అయ్యే ఆఖరి షాట్ ఇంత మంచి సినిమాకు అతకలేదు.

నవల చదవనివాళ్లకు చూపిస్తుంటే ఎలుక మనిషిగా మారాక, అందరూ ష్రీకింగ్ షాక్ నుంచి బయటకు రాకముందే ఒక్క నిమిషం ఆపండి. మ్యాప్ గీసింది ఆ నలుగురు స్నేహితులేననీ, జేమ్స్ జింకగా మారేవాడనీ చెప్పి మళ్లీ ప్లే చేయండి. సరస్సు సీన్ పూర్తి బలంతో తగులుతుంది.