బేస్‌బాల్ జీతాల లెక్కలు: మూడు సైట్లలో ఏది ఏ పనికొస్తుంది?

లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ 2024లో, 2025లో వరసగా అమెరికా బేస్‌బాల్ ఫైనలైన వరల్డ్ సిరీస్ గెలిచేసరికి శాలరీ క్యాప్ (జట్టు జీతాల ఖర్చుకి పరిమితి) గొడవ మళ్లీ మొదటికొచ్చింది. డల్లాస్‌లో రేంజర్స్‌నీ, న్యూజెర్సీలో యాంకీస్‌నీ మెట్స్‌నీ ఫాలో అయ్యే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే రచ్చ. 2025లో డాడ్జర్స్ పేరోల్ (మొత్తం జీతాల బిల్లు) 320 మిలియన్ డాలర్ల దరిదాపు అని ఒకరంటారు, కాదు 417 అని ఇంకొకరు. ఇద్దరూ కరెక్టే. సీజన్ మొదటి రోజు లెక్క ఒకటి, జీతాలు ఒక గీత దాటితే పడే లగ్జరీ ట్యాక్స్ కోసం సీజన్ ఆఖర్న వేసే లెక్క ఇంకొకటి. ఐపీఎల్‌లో ఈ తలనొప్పి లేదు. 2025 మెగా వేలంలో సన్‌రైజర్స్‌కైనా ముంబైకైనా పర్స్ 120 కోట్లే. బేస్‌బాల్‌లో ఉన్న గీత దాటకూడని గీత కాదు. దాటొచ్చు, దాటితే పన్ను కట్టాలి. కాబట్టి ఏ జట్టు ఎంత ఖర్చు పెడుతోందో తెలియాలంటే లెక్కలు సరిగ్గా చూపే చోటు కావాలి.

అలాంటివి మూడున్నాయి: ఫ్యాన్‌గ్రాఫ్స్ సైట్‌లోని రోస్టర్ రిసోర్స్, స్పోట్రాక్, బేస్‌బాల్ ప్రాస్పెక్టస్ నడిపే కాట్స్ బేస్‌బాల్ కాంట్రాక్ట్స్. మూడింట్లోనూ మామూలు అభిమానికి కావలసినంత ఉచితంగానే దొరుకుతుంది. ఒక్కటే బుక్‌మార్క్ చేసుకోవాలంటే రోస్టర్ రిసోర్స్ చేసుకోండి. కారణాలు కింద ఉన్నాయి.

ముందుగా, ఏ సైట్ తెరిచినా ఒకే ఆటగాడికి రెండు మూడు అంకెలు ఎందుకు కనిపిస్తాయో తెలియాలి. షోహే ఒహ్‌తానీనే తీసుకోండి. 2023 డిసెంబర్‌లో డాడ్జర్స్‌తో పదేళ్లకు 700 మిలియన్ల ఒప్పందం చేసుకున్నాడు. ఏడాదికి 70 అన్నమాట. కానీ అందులో చేతికొచ్చేది ఏటా 2 మిలియన్లే. మిగతా 68 మిలియన్ల చొప్పున వడ్డీ లేకుండా 2034 నుంచి 2043 దాకా ఇస్తారు. పన్ను లెక్కలో ఈ రెండు అంకెలూ పనికిరావు. పదేళ్ల తర్వాత వచ్చే డబ్బుకి ఇవాళ్టి విలువ కట్టాలి. దానికి వాడిన రేటు 4.43 శాతం. క్యాలిక్యులేటర్‌లో 1.0443ని పదిసార్లు గుణిస్తే సుమారు 1.543 వస్తుంది. 68ని దానితో భాగిస్తే 44, దానికి చేతికొచ్చే 2 కలిపితే 46. పన్ను లెక్కలో ఒహ్‌తానీ విలువ అదే, 46 మిలియన్లు. డాడ్జర్స్ చీట్ చేస్తున్నారని అరిచేవాళ్లు 2ని పట్టుకుంటారు, కొండంత జీతం అనేవాళ్లు 70ని. పన్నుకి పనికొచ్చేది 46 మాత్రమే.

హువాన్ సోటోది దీనికి తలకిందులు. మెట్స్‌తో పదిహేనేళ్లకు 765 మిలియన్లు, వాయిదా ఏమీ లేదు, పన్ను లెక్కలో ఏటా 51. కానీ 75 మిలియన్ల సైనింగ్ బోనస్ మొదట్లోనే ఇచ్చేశారు. అందుకే తొలి ఏడాది మెట్స్ జేబులోంచి పోయిన నగదు పన్ను అంకెకి రెట్టింపు పైమాటే. వాయిదా వేసుకున్నవాడి నగదు తక్కువ, బోనస్ ముందే తీసుకున్నవాడి నగదు ఎక్కువ. నగదు కాలమ్ చూసి జట్లను పోలిస్తే ఇక్కడే బోల్తా పడతారు.

రోస్టర్ రిసోర్స్ పనితనం తెలిసేది ఇక్కడే. ఏ జట్టు పేరోల్ పేజీ తెరిచినా ఆటగాళ్లు గుంపులుగా ఉంటారు. గ్యారంటీ కాంట్రాక్టులున్నవాళ్లు పైన, తర్వాత ఆర్బిట్రేషన్‌కి (జీతం మీద జట్టుతో కుదరకపోతే మధ్యవర్తి తేల్చే పద్ధతి) అర్హులు, ఆ తర్వాత ఇంకా అర్హత రాని కుర్రాళ్లు, చివర జట్టులో లేకపోయినా డబ్బు తీసుకుంటున్నవాళ్లు. రాబోయే సంవత్సరాల కాలమ్స్‌లో రంగుల తేడాతో జట్టు ఆప్షన్, ఆటగాడి ఆప్షన్ (కాంట్రాక్టు కొనసాగించాలా వద్దా అనేది ఎవరి చేతిలో ఉందో) కనిపిస్తాయి. అడుగున మామూలు పేరోల్ వేరుగా, లగ్జరీ ట్యాక్స్ పేరోల్ వేరుగా మొత్తం వేసి ఉంటుంది. మామూలు అభిమాని పూర్తిగా మర్చిపోయే పద్దులూ ట్యాక్స్ మొత్తంలో కలుస్తాయి. ఆటగాళ్ల బీమా, పెన్షన్ లాంటి వాటికి జట్టుకి సుమారు 17, 18 మిలియన్లు. కుర్రాళ్ల కోసం పెట్టిన 50 మిలియన్ల బోనస్ ఫండ్‌లో ముప్పయ్యో వంతు, అంటే 1.67 మిలియన్లు, ఇవి కాక 40 మంది రోస్టర్‌లో (జట్టు ప్రధాన జాబితా) ఉండి మైనర్స్‌లో (కింది స్థాయి లీగుల్లో) ఆడేవాళ్ల జీతాలు. ఇవన్నీ కలిస్తే 20 మిలియన్లు దాటుతుంది. సొంతంగా ఎక్సెల్‌లో ఆటగాళ్ల జీతాలు కూడి "మా జట్టు గీత కిందే ఉంది" అని సంబరపడేవాళ్లు తప్పేది ఈ ఇరవై దగ్గరే.

ఆ పేజీలో సర్వీస్ టైమ్ (పెద్ద లీగ్‌లో గడిపిన కాలం) కాలమ్ ఒకటుంది. దాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. 2.146 అంటే రెండు పాయింట్ ఒకటి కాదు, రెండేళ్ల 146 రోజులు. 172 రోజులకి ఒక ఏడాది పూర్తయినట్టు లెక్క. మూడేళ్లు నిండితే ఆర్బిట్రేషన్, ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. రెండు, మూడేళ్ల మధ్య ఉన్నవాళ్లలో సర్వీస్ ఎక్కువున్న పై 22 శాతం మందికి ఒక ఏడాది ముందే ఆర్బిట్రేషన్ వస్తుంది. పేరోల్ తేడాలో సగం కథ ఈ కాలమ్‌లోనే ఉంది. 2025లో నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచర్‌కిచ్చేది) కొట్టిన పాల్ స్కీన్స్‌కి పైరేట్స్ ఆ ఏడాది ఇచ్చిన జీతం 8,75,000 డాలర్లు. లీగ్ కనీస జీతం అప్పుడు 7,60,000. ఆటగాళ్ల యూనియన్ ఎప్పుడూ ఎత్తిచూపేది ఇలాంటి జీతాన్నే. చిన్న జట్లకి డబ్బు లేకపోవచ్చు, చవగ్గా దొరికే మంచి ఆటగాళ్లు మాత్రం ఆరేళ్లపాటు చేతిలో ఉంటారు.

రోస్టర్ రిసోర్స్‌లో లోపం లేకపోలేదు. శీతాకాలంలో ఆర్బిట్రేషన్ జీతాలు, కుర్రాళ్ల జీతాలు అంచనాలే. నవంబర్‌లో కనిపించే మొత్తాన్ని ఖాయం అనుకోవద్దు. కాంట్రాక్టులో ఏముందో పూర్తిగా కావాలంటే అక్కడ దొరకదు. దానికి కాట్స్ ఉంది.

కాట్స్ చూడ్డానికి ఇరవై ఏళ్ల కిందటి సైట్‌లా ఉంటుంది, మొబైల్‌లో మరీ చిరాకు. కానీ కాంట్రాక్టు షరతులు ఇంత సూటిగా రాసేవాళ్లు ఇంకెక్కడా లేరు. ఒక్కో ఆటగాడి కింద ఎన్నేళ్లు, ఎంత, ఎప్పుడు సంతకం చేశాడు, ఏ ఏడాదికి ఎంత, వాయిదా ఎంత, ఏజెంట్ ఎవరు అని పొట్టి పొట్టి వాక్యాల్లో ఉంటుంది. ఒహ్‌తానీ కాంట్రాక్టులో యజమాని మార్క్ వాల్టర్ గానీ బేస్‌బాల్ వ్యవహారాలు చూసే ఆండ్రూ ఫ్రీడ్‌మన్ గానీ జట్టు విడిచిపోతే అతనూ బయటికి రావచ్చనే షరతు ఉంది. అలాంటివి వెతకాల్సింది ఇక్కడే. ప్రతి జట్టుకీ గూగుల్ షీట్ లింకులు ఉంటాయి. వాటిని కాపీ చేసుకుని సొంత లెక్కలు వేసుకోవచ్చు. పాత సంవత్సరాల ఓపెనింగ్ డే (సీజన్ మొదటి రోజు) పేరోల్స్ వరసగా కావాలన్నా ఇదే. హెచ్చరిక ఒకటి: షీట్‌లో మామూలు పేరోల్ ట్యాబ్ వేరు, ట్యాక్స్ ట్యాబ్ వేరు. మామూలు ట్యాబ్‌లో బోనస్‌ని సంవత్సరాలకి పంచి చూపుతారు కాబట్టి సోటో తొలి ఏడాది అంకె స్పోట్రాక్ నగదు లెక్కతో కలవదు. కలవాల్సిన పనీ లేదు.

స్పోట్రాక్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముప్పై జట్లనీ ఒకే పట్టికలో పెట్టి, ఆడుతున్నవాళ్లకి ఎంత, గాయాలతో కూర్చున్నవాళ్లకి ఎంత, వెళ్లిపోయినవాళ్లకి ఎంత అని విడగొట్టి చూపడంలో దానికి తిరుగులేదు. ఎన్‌ఎఫ్ఎల్, ఎన్‌బీఏ క్యాప్ లెక్కలు కూడా పక్కనే ఉంటాయి కాబట్టి "వాళ్లకి క్యాప్ ఉంది, మనకెందుకు లేదు" అనే వాదనకి అక్కడికక్కడే పోలిక దొరుకుతుంది. చిక్కేమిటంటే ట్యాక్స్ పట్టిక ఇంకో పేజీలో ఉంటుంది. గ్రూపుల్లో తిరిగే స్క్రీన్‌షాట్లు ఎక్కువగా ట్యాక్స్ పేజీవి కావు. స్క్రీన్‌షాట్ వస్తే ముందు పట్టిక శీర్షిక చదవండి. వెళ్లిపోయినవాళ్ల కాలమ్ మాత్రం తప్పక చూడాలి. 2023లో మెట్స్ తమ పిచర్లు షెర్జర్‌ని రేంజర్స్‌కీ, వెర్లాండర్‌ని ఆస్ట్రోస్‌కీ ఇచ్చేసి, జీతాల్లో పెద్ద వాటా తామే భరించారు. ఆ ఏడాది రికార్డు పేరోల్‌తో 75 గెలిచి 87 ఓడారు.

ఇక పన్ను. ఈ సైట్లు అంకె ఇస్తాయి, అది ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ఒకసారి చేత్తో వేసి చూడాలి. 2025లో గీత 241 మిలియన్లు, 2026లో 244. మొదటిసారి దాటితే 20 శాతం, వరసగా రెండోసారి 30, మూడోసారి నుంచి 50. గీత మీద 20 మిలియన్లు దాటాక అదనంగా 12 శాతం, 40 దాటాక 42.5 (మళ్లీ మళ్లీ దాటేవాళ్లకి 45), 60 దాటాక 60. 40 దాటితే డబ్బే కాదు, కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ పది స్థానాలు కిందికి జారుతుంది.

2025లో ఒక జట్టు పేరోల్ 320 అనుకోండి, వరసగా మూడోసారో అంతకుమించో దాటింది. 241 నుంచి 261 దాకా 50 శాతం, అంటే 10. 281 దాకా 62 శాతం, 12.4. 301 దాకా 95 శాతం, 19. మిగిలిన 19కి 110 శాతం, 20.9. మొత్తం 62.3 మిలియన్లు. ఇదే 320 మొదటిసారి దాటిన జట్టుదైతే 38.1 చాలు. ఇప్పుడు ఇదే పద్ధతిలో 417తో వేసి చూడండి, 169 వస్తుంది. డాడ్జర్స్ 2025కి కట్టిన రికార్డు పన్ను 169.4 మిలియన్లు. మార్లిన్స్ మొత్తం జీతాల బిల్లుకి ఈ పన్ను ఒక్కటే రెట్టింపు పైన ఉంది. పై శ్లాబులో చేరాక తెచ్చుకునే ప్రతి కొత్త ఆటగాడికీ జీతం కంటే పన్నే ఎక్కువ పడుతుంది. అయినా డాడ్జర్స్ ఆగలేదు. 2013లో కుదిరిన 25 ఏళ్ల, 8.35 బిలియన్ల లోకల్ టీవీ ఒప్పందం వెనకుంటే ఎవరాగుతారు? చాలా చిన్న జట్ల ఆటలు లోకల్ టీవీలో చూపి వాటికి డబ్బిచ్చిన డైమండ్ స్పోర్ట్స్ 2023 మార్చిలో దివాలా తీసింది. జీతాల్లో కనిపించే తేడా మూలం అక్కడుంది.

కింది కొస కూడా చూడాలి, క్యాప్ వాదనలో దాన్ని అందరూ వదిలేస్తారు. ప్రతి జట్టూ లోకల్ ఆదాయంలో 48 శాతం ఉమ్మడి కుండలో వేస్తుంది, దాన్ని ముప్పై జట్లకీ సమానంగా పంచుతారు. అలా సొమ్ము అందుకునే జట్టు, అందుకున్న దానికి ఒకటిన్నర రెట్లయినా పేరోల్ మీద పెట్టకపోతే యూనియన్ ఫిర్యాదు వేయడానికి దారి సులువవుతుంది. 2025కి ముందు అథ్లెటిక్స్ జట్టు ఉన్నట్టుండి పిచర్ సెవెరినోకి మూడేళ్లకి 67 మిలియన్లిచ్చి పేరోల్ పెంచడం వెనక ఈ ఒత్తిడే ఉందని అప్పట్లో బాగా వినిపించింది. ఈ పరీక్షకి చూసేది ట్యాక్స్ లెక్కే. అందులో ముందు చెప్పిన ఇరవై మిలియన్ల పద్దులు కూడా ఉంటాయి కాబట్టి పిసినారి జట్టు ఉన్నదానికంటే ధారాళంగా కనిపిస్తుంది. కింది జట్లని స్పోట్రాక్ నగదు పట్టికలో చూడండి, పై జట్లని రోస్టర్ రిసోర్స్ ట్యాక్స్ పేజీలో. ఒకే పట్టికతో రెండు కొసలూ కొలిస్తే ఏదో ఒక కొస తప్పుతుంది.

2021లో యజమానులు 100 మిలియన్ల కనీస పేరోల్ పెడదామన్నారు. బదులుగా పన్ను గీతని 180కి దించాలన్నారు. యూనియన్ ఒప్పుకోలేదు, తర్వాత 99 రోజుల లాకౌట్ నడిచింది. 1994లో క్యాప్ పేరెత్తినందుకు సమ్మెతో వరల్డ్ సిరీసే ఎగిరిపోయింది. యజమానులకీ యూనియన్‌కీ మధ్య ప్రస్తుత ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. నిఖార్సైన క్యాప్ అంటే మొత్తం ఆదాయంలో ఆటగాళ్లకి ఇంత శాతం అని రాసుకోవాలి, దానికి జట్లు పుస్తకాలు తెరవాలి. ఈ మూడు సైట్లలో ఏదీ ఆదాయం చూపదు, చూపలేదు. అట్లాంటా బ్రేవ్స్ ఒక్కటే షేర్ మార్కెట్లో విడిగా నమోదైన జట్టు. వాళ్ల త్రైమాసిక నివేదికలు ఎవరైనా చదవొచ్చు. 2024లో మొత్తం ఆదాయం 663 మిలియన్లు, అందులో బేస్‌బాల్‌ది 595. మిగతా జట్ల గురించి చెప్పే లాభనష్టాలన్నీ అంచనాలే.

డబ్బు వచ్చినా గెలుపు రాదనేవాళ్లకీ ఈ పట్టికల్లో సరుకుంది. 2025లో మెట్స్ 83 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. అదే ఏడాది మిల్వాకీ బ్రూవర్స్ 97 గెలిచి లీగ్ మొత్తంలో ముందు నిలిచింది. తర్వాత డాడ్జర్స్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడింది. సీజన్ గెలుపులు బ్రూవర్స్‌వీ, ట్రోఫీ డాడ్జర్స్‌దీ అయితే పేరోల్ ఎంత పనిచేసినట్టు? ఒక్క ఏడాది పట్టికతో తేలదు. కాట్స్ షీట్లలో కనీసం పదేళ్లు దిగుమతి చేసుకుని గెలుపులతో పక్కపక్కన పెట్టి చూడాలి.

వాడేవాళ్లకి చివరగా ఒక మాట: సీజన్ మధ్యలో మూడు సైట్ల ట్యాక్స్ అంకెలూ రెండు మూడు మిలియన్లు అటూ ఇటూ ఉంటాయి. బోనస్‌లు, ట్రేడ్‌లలో చేతులు మారిన నగదు, రోజుల లెక్కన జీతాలు సీజన్ అయ్యాకే తేలతాయి. గీతకి అయిదు మిలియన్ల లోపు ఉన్న జట్టు దాటిందో లేదో డిసెంబర్‌లో లీగ్ ఖరారు చేసిన లెక్కలు బయటికొచ్చేదాకా పందెం కాయొద్దు.