ఇనుప బ్లాకు, అల్యూమినియం బ్లాకు: రెండు చిన్న ఇంజిన్లను తూచి, నడిపి చూశాక

ఒకే చిన్న కారులో రెండు ఇంజిన్లను ఏళ్ల తరబడి వాడాను. మొదటిది పోత ఇనుప బ్లాకు (సిలిండర్లు ఉండే ప్రధాన భాగం) ఉన్న 1.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. తర్వాత దాని స్థానంలో బిగించింది అల్యూమినియం బ్లాకు ఉన్న 1 లీటరు మూడు సిలిండర్లది. రెండింటినీ విప్పినప్పుడు భాగాలన్నీ తూచాను. కొత్త ఇంజిన్‌తో కారు నడక నిజంగానే మారింది. అయితే ఆ ఘనత అంతా అల్యూమినియానిదే అనడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఇంజిన్ బరువు ఇంత అని ఎవరు చెప్పినా, ఏమేమి కలిపి తూచారని ముందు అడగండి. ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటార్, ఏసీ కంప్రెసర్ కలిసి నా త్రాసు మీద 15 కిలోల దగ్గర తూగాయి. ఫ్లైవీల్ (ఇంజిన్ తిరుగుడును నిలకడగా ఉంచే బరువైన చక్రం), క్లచ్ కలిసి మరో పది పన్నెండు. లోపల పోసే ఆయిల్ మూడు కిలోలు. అంటే ఒకే ఇంజిన్‌కు దాదాపు 30 కిలోల తేడాతో రెండు బరువులు చెప్పవచ్చు, రెండూ నిజమే. అన్నీ బిగించి తూచినప్పుడు ఇనుప ఇంజిన్ 115 కిలోల దగ్గర, అల్యూమినియంది 80 కిలోల లోపు ఉన్నాయి.

ఇక బ్లాకు సంగతి. పోత ఇనుము ఘన సెంటీమీటరుకు సుమారు 7.2 గ్రాములు, అల్యూమినియం 2.7. ఈ లెక్కన బ్లాకు బరువు మూడో వంతుకు పడిపోవాలి. నా త్రాసు మీద ఇనుప బ్లాకు 32 కిలోలు, అల్యూమినియం బ్లాకు 16. అందులోనూ ఒక సిలిండర్ తక్కువ. రెండు ఇంజిన్లలో ఒక్కో సిలిండర్ ఘనపరిమాణం ఇంచుమించు సమానం కాబట్టి, ఇనుప బ్లాకులో మూడు సిలిండర్ల వాటా స్థూలంగా 24 కిలోలు. లోహం మారినందుకు తగ్గింది ఎనిమిది కిలోలు, సిలిండర్ తగ్గినందుకు మరో ఎనిమిది. అల్యూమినియానికి ఇనుమంత బిగువు లేదు కనుక గోడలు మందంగా పోయాలి, బలం కోసం పక్కటెముకలు పెట్టాలి, సిలిండర్ల లోపల ఇనుప లైనర్లు అనే తొడుగులు దించాలి. ఆదాలో దాదాపు సగం అక్కడే ఖర్చయిపోతుంది.

ఫోర్డ్ 1 లీటరు ఎకోబూస్ట్ ఇంజిన్‌కు కావాలనే పోత ఇనుప బ్లాకు పెట్టారు. ఇనుప బ్లాకు త్వరగా వేడెక్కుతుందన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. అయినా దాని బరువు 97 కిలోలే అని ప్రకటించారు. కుదుపులు అణచడానికి అదనపు బ్యాలెన్స్ షాఫ్ట్ పెట్టకుండా, ఫ్లైవీల్‌నూ ముందు పుల్లీనీ లెక్క ప్రకారం అసమతూకంగా చేశారు. బరువు తగ్గించే ఆలోచన అంటే ఇలా ఉండాలని నాకు అనిపిస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ తన చిన్న ఇంజిన్లలో ఇనుము నుంచి అల్యూమినియానికి మారినప్పుడు 22 కిలోలు తగ్గాయంది. అప్పుడు పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్‌నూ, పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లనూ కూడా తేలిక చేశారు.

ముందు ఇరుసు మీద నుంచి 35 కిలోలకు పైగా దిగిపోతే స్టీరింగ్ పట్టుకున్న చేతులకు వెంటనే తెలుస్తుంది. మలుపులో కారు ముందు భాగం బయటికి తోసుకుపోవడం బాగా తగ్గింది. ముందువైపు కాస్త పైకి లేచింది కాబట్టి స్ప్రింగులు మార్చాను.

తిరిగే భాగాల బరువు వేరే కథ. క్రాంక్ షాఫ్ట్ 12 కిలోల నుంచి 8కి తగ్గింది. ఆ ఉత్సాహంలో మూడు సిలిండర్ల ఇంజిన్‌కు తేలిక ఫ్లైవీల్ కూడా వేసి కొన్నాళ్లు నడిపాను. యాక్సిలరేటర్ తాకగానే ఇంజిన్ చురుగ్గా లేచేది, కానీ ట్రాఫిక్‌లో కదిలించబోతే ఆగిపోయేది. నాలుగు సిలిండర్లలో ప్రతి 180 డిగ్రీలకు ఒక పేలుడు ఉంటే, మూడింటిలో 240 డిగ్రీలకు ఒకటి. ఆ ఎడాన్ని దాటించేది ఫ్లైవీల్ బరువే. రోజూ నడిపే కారుకు అసలుదే మేలు, తిరిగి అదే బిగించాను.

మన్నికలో నా ఓటు ఇప్పటికీ ఇనుముకే. పాత ఇంజిన్ ఒకటి రెండు సార్లు వేడెక్కినా బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ మార్చడంతో సరిపోయింది, బ్లాకు పైతలం చెక్కు చెదరలేదు. అల్యూమినియానికి అంత ఓర్పు లేదు. కూలెంట్‌కు బదులు ఉత్త నీళ్లు పోస్తే తుప్పు ఆ లోహాన్ని లోపల నుంచి తినేస్తుంది. బోల్టులను టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా) లేకుండా బిగిస్తే మరలు ఊడి చేతికి వస్తాయి. స్పార్క్ ప్లగ్గులను ఇంజిన్ చల్లారాకే విప్పుతాను.

ఇప్పుడు ముందువైపు ఇంకా తగ్గించగలిగింది సిలిండర్ల నుంచి పొగను బయటికి చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. పోత ఇనుముది ఐదు కిలోలు ఉంది, ఉక్కు గొట్టాలతో చేసినది అందులో సగమే ఉంటుంది. ఆ పని అయ్యాక, పన్నెండు కిలోల బ్యాటరీని డిక్కీలోకి మార్చి మళ్లీ ముందు చక్రాల కింద తూకం వేయాలని ఉంది.