రష్ (1991): మఫ్టీలో పోయి మత్తులో ఇరుక్కున్న ఇద్దరు

మఫ్టీ పోలీసంటే మన సినిమాల్లో ఒక లెక్కుంది. గడ్డం పెంచాలి, విలన్ గుంపులో చేరాలి, ఇంటర్వెల్ ముందు ఐడీ కార్డు తీసి చూపించాలి. థియేటర్లో ఈలలు. ‘రష్’లో ఈలలకు చోటే లేదు. రెండు గంటల సినిమా, కథాకాలం 1975, టెక్సస్‌లో ఒక చిన్న ఊరు. నార్కోటిక్స్‌లో (మత్తుమందుల కేసులు చూసే పోలీసు విభాగం) ముదిరిన జిమ్ రేనర్ (జేసన్ పాట్రిక్), అకాడమీలో ఇంకా శిక్షణలోనే ఉన్న క్రిస్టెన్‌ను (జెన్నిఫర్ జేసన్ లీ) తోడు తీసుకుంటాడు. జంటలా నటించాలి, సరుకు కొనాలి, కేసులు కట్టాలి. పోలీస్ చీఫ్‌కు మాత్రం కావాల్సింది ఒక్కడే: బార్ నడిపే గెయిన్స్. వాణ్ణి పట్టిస్తే చాలు.

దీనికి మూలం కిమ్ వోజెన్‌క్రాఫ్ట్ నవల. ఆమె టెక్సస్‌లో మఫ్టీలో నార్కోటిక్స్ పనిచేసిన మనిషి. వివరాలు అంత గట్టిగా ఉండటానికి కారణం అదే. దర్శకురాలు లిలీ ఫిని జానక్‌కు ఇది మొదటి సినిమా.

ముఖ్యంగా చూడాల్సింది పని మొదలుపెట్టే ముందు రేనర్ ఆమెకు ఇచ్చే పాఠం. అమ్మేవాడికి అనుమానం వస్తే ‘ముందు నువ్వు వేసుకో’ అంటాడు. అప్పుడేం చేస్తావ్? తప్పించుకునే దారి లేదు కాబట్టి వేసుకోవడం ఎలా ఉంటుందో చూడు అని ఆమె ఎదుటే సూది తీసుకుంటాడు. కెమెరా పక్కకు తిరగదు. జెన్నిఫర్ మొహంలో భయం, అసహ్యం, కుతూహలం ఒకదాని మీదొకటి పోతుంటాయి. అలవాటు ఎక్కడ మొదలైందంటే ఇక్కడే. పైగా అది డ్యూటీ పేరుతో మొదలైంది, అదీ మెలిక.

చిన్న ఊరు కావడం ఇంకో చిక్కు. అనంతపురం సప్తగిరి సర్కిల్లో కొత్త మొహం రెండు రోజులు వరసగా టీ తాగితే, మూడోరోజు ‘యా ఊరప్పా మీది?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఊరూ అట్లాంటిదే. దొంగ పేరు, దొంగ ఉద్యోగం ఎక్కువ రోజులు నిలబడవు. నమ్మించడానికి మిగిలేది ఒకటే, వాళ్ళతో కూర్చుని వాడటం.

వ్యసనాన్ని శరీరం వైపు నుంచి బాగానే పట్టారు. హెరాయిన్‌కు ఒళ్ళు అలవాటు పడేకొద్దీ అదే మత్తుకు ఎక్కువ మోతాదు కావాలి. ఆపితే కొన్ని గంటల్లోనే ఒళ్ళునొప్పులు, వాంతులు, చలి, చెమట. రెండు మూడు రోజులకు తారస్థాయికి పోతాయి, తగ్గడానికి వారం పట్టొచ్చు. సినిమా అంతగా చెప్పనిది ఒకటుంది: కొన్నాళ్ళు మానేసినవాడు మళ్ళీ పాత మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఒళ్ళు ఆ అలవాటు మర్చిపోయి ఉంటుంది. గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే నయమవుతుందనుకునే ఇంటివాళ్ళకు ఇది తెలియాలి. డాక్టరు దగ్గర బుప్రెనార్ఫిన్ లాంటి మందులతో మెల్లగా దించడం ఉంది. డీఅడిక్షన్ సలహాకు 14446కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

ఇక కేసు వైపు. సినిమాలో నిజంగా కుళ్ళేది ఇదే. సరుకు కొనేది ఆ ఇద్దరే, దాచేది వాళ్ళే, రేపు కోర్టులో చెప్పేదీ వాళ్ళే. మధ్యలో లెక్క చూసే మూడో మనిషి లేడు. కొన్నదాంట్లో కొంత ఒంట్లోకి పోయినా అడిగేవాడు లేడు. మత్తుమందుల మీద మనకున్న ఎన్‌డీపీఎస్ చట్టంలో (1985) గ్రాము గ్రాముకూ లెక్క మారుతుంది. హెరాయిన్ 5 గ్రాముల వరకు చిన్న మోతాదు, 250 గ్రాములు దాటితే వాణిజ్య మోతాదు, శిక్ష పదేళ్ళకు తగ్గదు. ఒంటి మీద వెతకాలంటే 50వ సెక్షన్ కింద ‘గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో వెతికించుకునే హక్కు నీకుంది’ అని ముందే చెప్పాలి. మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాయాలి. 52ఏ కింద మేజిస్ట్రేటు ఎదుట శాంపిళ్ళు తీయాలి. ఇందులో ఒక్కటి తప్పినా డిఫెన్స్ లాయరు పట్టుకునేది దాన్నే. ఇవన్నీ తెలిసినవాళ్ళు చూస్తే, గెయిన్స్ మీద సాక్ష్యం దొరకక పైనుంచి ఒత్తిడి పెరిగే భాగం మామూలు థ్రిల్లర్ కంటే ఎక్కువ భయపెడుతుంది. లేని సాక్ష్యం పుట్టించడానికి ఆ ఇద్దరికి ఏ అడ్డమూ లేదు కదా.

నటనలో అందరికంటే ముందు చెప్పాల్సింది మ్యాక్స్ పెర్లిచ్ గురించి. వాకర్ అనే కుర్రాడు, చిన్నాచితకా సరుకు అమ్ముకునేవాడు. కేసు పెడతామని బెదిరించి ఇన్‌ఫార్మర్‌గా మారుస్తారు. తన స్నేహితులను ఒక్కొక్కరిగా పరిచయం చేయాల్సొస్తుంది. పోలీసుల చేతిలో పనిముట్టయిన మనిషికి రక్షణ ఎవరిస్తారో ఎవరూ మాట్లాడరు. అతనికేమవుతుందో ఇక్కడ రాయడం లేదు.

తక్కువైనవీ ఉన్నాయి. రేనర్, క్రిస్టెన్ మధ్య ప్రేమ తొందరగా వచ్చి పడుతుంది. అరెస్టుల తర్వాత కథ కాస్త జారుతుంది. గెయిన్స్‌గా గాయకుడు గ్రెగ్ ఆల్‌మన్ నోరు తెరిచేది తక్కువ. మొదట్లో అది బాగా పనిచేసినా తర్వాత తర్వాత ఖాళీగా అనిపిస్తుంది.

సంగీతం ఎరిక్ క్లాప్టన్. ఆయనా ఒకప్పుడు హెరాయిన్ నుంచి బయటపడ్డవాడే. నాలుగేళ్ళ కొడుకు పోయాక రాసిన ‘టియర్స్ ఇన్ హెవెన్’ మొదట వచ్చింది ఈ సినిమాతోనే. అందరి ఫోన్లలో ఉండే అన్‌ప్లగ్డ్ (కరెంటు గిటార్లు లేకుండా కచేరీలో పాడిన) పాట తర్వాతది.

టెక్సస్ యాస కాబట్టి సబ్‌టైటిల్స్ తప్పనిసరి. సూది చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు మొదటి అరగంట జాగ్రత్త. పిల్లలతో కూర్చుని చూసేది కాదు. ఐదుకు మూడున్నర, ఆ అర మాత్రం వాకర్‌కే.