రూడీ గేని ఉంచుకోవడమా, పంపేయడమా: మెంఫిస్ లెక్క

2013 జనవరి 30న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టు, మూడు జట్ల ఆటగాళ్ల మార్పిడిలో (ట్రేడ్), తమ టాప్ స్కోరర్ రూడీ గేని టొరంటోకు పంపేసింది. అభిమానులు మండిపడ్డారు. నా దృష్టిలో అది సరైన ట్రేడే.

ఖర్చు
ఉంచుకుంటే: తర్వాతి రెండు సీజన్లకు దాదాపు 37 మిలియన్ డాలర్ల జీతం.
పంపేస్తే: డెట్రాయిట్ నుంచి వచ్చిన టేషాన్ ప్రిన్స్‌కు ఏడాదికి 7 మిలియన్ల పైచిలుకు.

అసలు భయం లగ్జరీ ట్యాక్స్, అంటే జట్టు మొత్తం జీతాలు లీగ్ పెట్టిన పరిమితి దాటితే కట్టాల్సిన పన్ను. 2013-14 నుంచి అది శ్లాబుల్లోకి మారింది. అప్పట్లో పరిమితి దాటిన మొదటి 5 మిలియన్లకు డాలరుకు 1.50, తర్వాతి 5కు 1.75, ఆ తర్వాతి 5కు 2.50, ఆ పైన ఇంకా ఎక్కువ. అంటే 12 మిలియన్లు దాటితే పన్నే 21.25 మిలియన్లు! చిన్న మార్కెట్ జట్టుకు అది మోయలేని బరువు.

ఆట
ఉంచుకుంటే: మ్యాచ్‌కు 17 పాయింట్లు, కానీ షాట్లలో 41 శాతమే బుట్టలో పడేవి.
పంపేస్తే: బంతి జట్టులోని మిగతా ముఖ్య ఆటగాళ్లు గాసోల్, రాండాల్ఫ్, కాన్లీల చేతుల్లోకి.

రిస్క్
ఉంచుకుంటే: గాయమైనా జీతం ఆగదు.
పంపేస్తే: ఆట బిగుసుకున్నప్పుడు సొంతంగా షాట్ సృష్టించుకునేవాడు తగ్గుతాడు. ఆ సీజన్ వెస్ట్ ఫైనల్లో (లీగ్‌లోని పశ్చిమ విభాగపు ఫైనల్) శాన్ ఆంటోనియో 4-0తో ఓడించినప్పుడు ఆ లోటు కనిపించింది. అయినా అప్పటికి 56 విజయాల క్లబ్ రికార్డుతో, తొలిసారి వెస్ట్ ఫైనల్ చేరిన జట్టది. (అంతకుముందు రౌండ్‌లో ప్రత్యర్థి ఓక్లహోమాకు దాని స్టార్ వెస్ట్‌బ్రూక్ గాయంతో దూరమవడం మెంఫిస్‌కు కలిసొచ్చిందన్నదీ నిజమే.)

పన్ను కట్టగల యజమాని ఉండి, స్కోరింగే కొరతైతే గే లాంటివాణ్ని వదలకూడదు. డిఫెన్స్, పోస్ట్ ఆటతో (బుట్ట దగ్గర నుంచి ఆడే ఆట) గెలిచే జట్టుకు, ఖజానా చిన్నదైతే, పంపేయడమే మేలు.