దుప్పటిలో బంపరు, విజయనగరం బస్సు

శ్రీకాకుళం నుంచి విజయనగరానికి దాదాపు డెబ్బై కిలోమీటర్లు. సంక్రాంతి వెళ్లిన వారానికి, అయిదడుగులకు పైచిలుకు పొడవున్న ఇనుప బంపరును పాత దుప్పటిలో చుట్టి, ఆర్టీసీ బస్సులో మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని ఆ దూరమంతా వెళ్లాను. పక్కన మా మేనల్లుడు, వాడి ఒళ్లో గోనెసంచిలో హెడ్‌లైటు రింగులు, వీల్ కప్పులు, నాలుగు డోరు హ్యాండిళ్లు. కండక్టరు నా దగ్గర చదివినవాడో, చదివినవాడి తమ్ముడో అయి ఉండాలి. "మాస్టారూ, లోపల ఏమిటండీ?" అన్నాడు. బంపరని చెప్పాను. "మన బస్సుది కాదు కదా?" అని నవ్వి లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

బంపరు మా నాన్నగారు 1968లో కొన్న అంబాసిడర్ మార్క్ టూది. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. బజారులో దొరికే నకలు బంపర్లను రెండు చోట్ల చూశాను. రేకు పలచన, బోల్టు కన్నాలు కలవవు. కాబట్టి పాతదానికే మళ్లీ క్రోము వేయించాలి. నాలుగేళ్ల కిందట ఒకసారి వేయించాను కూడా. ఎక్కడన్నది అనవసరం. దీపావళికి అద్దంలా మెరిసింది. మరుసటి ఆషాఢానికి ఎర్రటి చుక్కలు లేచాయి. కార్తీకానికి గోటితో లాగితే ఉల్లిపొరలా ఊడి వచ్చింది. సముద్రం అల్లంత దూరంలో ఉన్న ఊళ్లో ఇనుముకు ఉప్పుగాలి ఎలాగూ తప్పదు, కానీ ఒక్క ఏడాదికే ఇలా కావడం ఉప్పుగాలి తప్పు కాదు.

అప్పుడు కూర్చుని సంగతి తెలుసుకున్నాను. మనం క్రోము అని మురిసిపోయే పొర అర మైక్రాను కూడా ఉండదు. తలవెంట్రుక మందంలో నూరో వంతు అనుకోండి. పైగా దాని నిండా కంటికి కనిపించని పగుళ్లు. గీతలు పడకుండా, మెరుపు మాయకుండా చూడడమే దాని పని. నీటిని ఆపేది కింద ఉన్న నికెల్. ఎండావానల్లో తిరిగే బండికి ఆ నికెల్ ఇరవై అయిదు, ముప్పై మైక్రాన్లయినా ఉండాలి. దాని కింద రాగి ఉంటే ఇంకా మంచిది, చిన్న గుంటలు పూడతాయి, బఫింగుకు, అంటే చక్రం మీద మెరుగు పెట్టడానికి, నునుపు వస్తుంది. నికెల్ పలచబడి ఎక్కడైనా సూదిమొనంత రంధ్రం మిగిలితే, తడి తగిలిన కాస్త ఇనుమే మొత్తం దెబ్బ తింటుంది. పైన మెరుపు చెక్కుచెదరకుండానే లోపల తుప్పు పాకుతుంది. అంటే దుకాణంలో అడగవలసింది క్రోము గురించి కాదు, దాని కింద ఏం వేస్తారు, ఎంతసేపు వేస్తారు అని.

బస్సెక్కడానికి ముందు వారమే బుడితి వెళ్లివచ్చాను. ఇత్తడి, కంచు పనికి భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఊరు అది. ప్లేటింగు అక్కడ చేయరని తెలుసు, కానీ లోహం తెలిసినవాళ్లతో మాట్లాడితే నష్టం లేదు కదా. ఒక పెద్దాయన హెడ్‌లైటు రింగును చూపుడువేలి మీద వేలాడదీసి గోటితో మీటాడు. చెవి దగ్గర పెట్టుకుని, "ఇది ఇనుము కాదు బాబూ, ఇత్తడి" అన్నాడు. అంచున గీరి చూస్తే పచ్చగా బయటపడింది. యాభై ఏళ్లకు పైగా ఇంట్లో ఉన్న వస్తువు ఏ లోహమో నాకు అప్పుడు తెలిసింది. "దీనికి ఆ తెల్లపూత దేనికి, చింతపండుతో తోముకోండి" అని సలహా కూడా ఇచ్చాడు. ఉచితంగా దొరికిన ఆ పరీక్ష తర్వాత బాగా పనికొచ్చింది.

విజయనగరంలో మొదటి దుకాణం మోటారు సైకిళ్ల సైలెన్సర్లకు, సైకిలు రిమ్ములకు క్రోము వేసేది. యజమాని మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. బంపరుకు రెండు వేలు, సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాడు. ఆ సాయంత్రం అన్న మాట దగ్గరే నాకు అనుమానం పట్టుకుంది. నికెల్ తొట్టిలో ఎంతసేపు ఉంచుతారని అడిగాను. "అయిదారు నిమిషాలు సార్, మెరుపు వచ్చేదాకా." నేను లెక్కల మాస్టారిని, అలవాటు మానుకోలేను. చదరపు డెసిమీటరుకు నాలుగు ఆంపియర్ల చొప్పున కరెంటు పారిస్తే గంటకు యాభై మైక్రాన్ల నికెల్ కూడా ఎక్కదు. పారిన కరెంటును బట్టే లోహం ఎక్కుతుందనే ఫారడే సూత్రం తొమ్మిదో తరగతి పిల్లవాడికైనా అర్థమయ్యేలా చెప్పవచ్చు. ఆరు నిమిషాలంటే అయిదు మైక్రాన్లు. ఇరవై అయిదు కావాలంటే అరగంట పైన ఉంచాలి. అంతసేపు ఉంచడానికి మీరెంత తీసుకుంటారన్నాను. "అంతసేపు ఎవరూ అడగరు సార్" అన్నాడు నిజాయితీగా. వెనక కాలువలో నీళ్లు పసుపుపచ్చగా పారుతున్నాయి. క్రోమిక్ ఆమ్లం కడిగిన నీళ్లు అవి. ఆ రూపంలో ఉన్న క్రోమియం క్యాన్సరు కారకం. తొట్టి పక్కన కుర్రాడు చేతులకు తొడుగులు కూడా లేకుండా నిలబడ్డాడు. సైలెన్సరు వేడికి ఎలాగూ నీలం తిరుగుతుంది కాబట్టి దానికి ఆ పని సరిపోతుందేమో, నా బంపరుకు సరిపోదు. ఆ కుర్రాడికి అసలే సరిపోదు.

ఆ రాత్రి ఉండిపోవలసి వచ్చింది. ఆర్టీసీ కాంప్లెక్సుకు నడిచి వెళ్లేంత దూరంలో ఒక లాడ్జి. దుప్పటిలో చుట్టిన నిలువెత్తు వస్తువును ఇద్దరం మోసుకొస్తుంటే గుమాస్తా లేచి నిలబడ్డాడు. విప్పి చూపిస్తేగాని తాళం ఇవ్వలేదు. గది శుభ్రం, వేడినీళ్లు ఉదయం ఎనిమిది దాకానే, లిఫ్టు లేదు, రెండో అంతస్తు. సామానుతో వెళ్లేవాళ్లు కింది గదే అడగండి. ఎదురుగా చిన్న హోటల్లో పెసరట్టు బాగుంది, అల్లం పచ్చడి ఇంకా బాగుంది. ఖాళీ దొరికితే గంటస్తంభం నుంచి కోట దాకా నడవడం నాకు ఇష్టం. 1713లో కట్టిన కోట గోడ పక్కన నిలబడి తుప్పు గురించి ఆలోచించేవాడు బహుశా నేనొక్కడినే.

మర్నాడు రెండో దుకాణం. ఇది అసలు బండ్లది కాదు, గుడి సామాను మెరుగుపెట్టే చోటు. గంటలు, దీపపు సెమ్మెలు, పళ్లేలకు నికెల్, వెండి పూత వేస్తారు. నికెల్ ద్రవం ఆకుపచ్చగా, అడుగు కనిపించేంత తేటగా ఉంది. ఒక్క నలుసు లేదు. గోడకు గడియారం, దాని కింద పలక మీద ఏ వస్తువు ఎన్నింటికి దింపారో సుద్దతో రాసి ఉంది. ఆ పలక చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. బఫింగు ఆయన చేయి మరీ గొప్పది. మొదట నార చక్రం, తర్వాత గుడ్డ చక్రం, ప్రతి మలుపుకీ రింగును వేలితో తడిమి చూసి మళ్లీ పట్టేవాడు. చిక్కల్లా తొట్టి రెండడుగులే. బంపరు పట్టదు. పైగా క్రోము ఆయన దగ్గర లేదు, ఆ చివరి పూత బయట వేయించి తెస్తాడు. ఇత్తడి రింగులు రెండూ, వీల్ కప్పులూ ఇచ్చి వచ్చాం. వారం పట్టింది. ధర మొదటి దుకాణం చెప్పిన దానికి దాదాపు రెట్టింపు, కానీ పని చూస్తే బేరమాడబుద్ధి కాలేదు.

బంపరు మాత్రం మరో అరవై కిలోమీటర్లు ప్రయాణించి విశాఖ ఆటోనగర్ చేరింది. ఈసారి తెలిసినవాళ్ల వ్యానులో. అక్కడి యజమాని ముందు బేరమాడలేదు. బంపరును నేల మీద బోర్లించి లోపలి వైపు చూశాడు. నాలుగేళ్ల కిందటి పని చూసి, "పాత నికెల్ తీయకుండా దాని మీదే వేశారు మాస్టారూ, అందుకే ఊడింది" అన్నాడు. ఆయన పద్ధతిలో పాత క్రోము, పాత నికెల్ పూర్తిగా దింపాలి. సొట్టలు సుత్తితో తీసి, గుంటలు అరగదీసి, రాగి వేసి బఫ్ చేసి, గుంట మిగిలితే మళ్లీ రాగి వేయాలి. ఆ తర్వాతే నికెల్, చివర రెండు మూడు నిమిషాలు క్రోము. మూడు వారాల గడువు, ఆరు వేలు. ఎక్కువ సొమ్ము అరగదీసే కూలికే పోతుందని, ప్లేటింగుది అందులో చిన్న భాగమని విడమరచి చెప్పాడు.

ఆయన మీద నాకు గురి కుదిరింది ఒప్పుకున్న పని చూసి కాదు, వద్దన్న వాటిని చూసి. మేనల్లుడు ఉత్సాహంకొద్దీ బానెట్ స్ప్రింగును కూడా తీసుకొచ్చాడు. యజమాని దాన్ని పక్కన పెట్టేశాడు. ఆమ్లంలో, తొట్టిలో హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి స్ప్రింగు పెళుసైపోతుందట. వెంటనే గంటల తరబడి వేడిచేసే పొయ్యి ఉంటేగాని అది ముట్టుకోకూడదన్నాడు. తర్వాత డోరు హ్యాండిలును అరచేతిలో తూచి, అయస్కాంతం పెట్టాడు. అంటలేదు. బుడితి పెద్దాయన లాగా నేనూ మీటి చూశాను. మోగలేదు, మొద్దు శబ్దం. "మజాక్" అన్నాడు. అంటే జింకుతో పోతపోసినది. పాత పూత దింపే ఆమ్లం జింకును కూడా తినేస్తుంది. "చేస్తానని పుచ్చుకుంటే మీకు సగం హ్యాండిలే తిరిగి వస్తుంది" అన్నాడు.

ఫిబ్రవరి చివర బంపరు వచ్చింది. వెలుగులో పెట్టి ట్యూబులైటు నీడను దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి చూశాను. గీత ఎక్కడా వంకర పోలేదు. బిగించే ముందు లోపలి వైపు జింకు ప్రైమరు, దాని మీద అల్యూమినియం పెయింటు నేనే రెండు పూతలు వేశాను. తొట్టిలో కరెంటు లోతైన మూలలకు సరిగా చేరదు కాబట్టి అక్కడ పూత ఎప్పుడూ పలచనే, తుప్పు మొదలయ్యేదీ అక్కడి నుంచే. ఇప్పుడు కార్తీకం. ఒక వర్షాకాలం పూర్తిగా తడిసింది. నెలకోసారి కడిగి, మైనం రాస్తున్నాను. ఎడమ కొమ్ము బోల్టు కన్నం అంచున మాత్రం ఆవగింజంత ఎర్రచుక్క కనిపించింది. అది బిగించేటప్పుడు నా స్పానరు జారినచోటు. దుకాణం తప్పు కాదు.

హ్యాండిళ్ల విషయం తేలలేదు. విజయనగరం గుడి సామాను ఆయన, ఆమ్లం తగలకుండా పాత పూతను చేత్తో అరగదీసి, సైనైడు రాగితో మొదలుపెడితే కుదరవచ్చన్నాడు. ఎవరూ కూర్చోని వెనక ఎడమ తలుపుది ఒక్కటి ఇచ్చాను. పనితనం చక్కగా ఉంది, కానీ ఆగస్టులో ఒక మూల చిన్న పొక్కు లేచింది. దాన్ని వేలితో నొక్కి చూడడం నాకు రోజూ ఒక పని అయింది. మిగిలిన మూడూ పంచె గుడ్డలో చుట్టి బీరువాలో ఉన్నాయి. మా ఆవిడ వాటిని వెండి సామాను పక్కనుంచి తీయమని రెండుసార్లు అడిగింది.