థియాలజీ మీద మనసు, మార్కెటింగ్‌లో ఉద్యోగం: ఏది మేలు?

వంటనూనెల కంపెనీలో మార్కెటింగ్ చేస్తూ పదకొండేళ్లయింది. డీలర్ మీట్లు, స్కీములు, మార్చి క్లోజింగ్ టెన్షన్, ఇదీ నా ఉద్యోగం. తెల్లవారుజామున ఐదింటికి లేచి చదివేది మాత్రం వేరే: బైబిల్లో పౌలు రాసిన పత్రికలు, అంటే లేఖలు, ఆది క్రైస్తవ సంఘ చరిత్ర, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకం) గురించి నాలుగో శతాబ్దంలో జరిగిన వాదాలు. మా చర్చి సంఘంలో నాలాంటివాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు. కలిసినప్పుడల్లా మాట అక్కడికే వస్తుంది. ఉద్యోగం మానేసి, థియాలజీ అంటే దైవశాస్త్రం నేర్పే సెమినరీలో చేరాలా? ఉద్యోగం చేసుకుంటూనే చదువుకోవాలా? లేకపోతే ఏదైనా క్రైస్తవ సంస్థలో మార్కెటింగ్ పని చూసుకుంటే రెండూ కలిసొస్తాయా?

ముందు సెమినరీ సంగతి. మన దేశంలో చాలా ప్రొటెస్టెంట్ సెమినరీలు సేరంపూర్ సెనేట్ కింద డిగ్రీలిస్తాయి. మిషనరీలు విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ కలిసి బెంగాల్‌లో 1818లో పెట్టిన సేరంపూర్ కాలేజీకి చెందిన సెనేట్ అది. అప్పట్లో సేరంపూర్ డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది కాబట్టి, 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. మనకి దగ్గర్లో హైదరాబాద్‌లో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలై, తర్వాత ఇక్కడికి మారింది. లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల పిల్లలు ఒకే చోట చదువుకుంటారు. డిగ్రీ అయినవాళ్లకి బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, మామూలుగా నాలుగేళ్లు. హెబ్రీ, గ్రీకు, సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం, అన్నీ ఉంటాయి. పక్క గదిలో ఇంకో సంఘం కుర్రాడు మీ నమ్మకాన్ని ప్రశ్నిస్తాడు. రాత్రి పదింటికి కూడా వాదించడానికి మనిషి దొరుకుతాడు. ఆ లోతు ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే రాదు, ఒప్పుకోవాల్సిందే.

కానీ బీడీ ప్రధానంగా సంఘ కాపరుల్ని, అంటే మనం అయ్యగారు అని పిలిచే పాస్టర్లని, తయారుచేసే చదువు. చేరడానికి సాధారణంగా సంఘం సిఫారసు అడుగుతారు, చదువు మధ్యలో సంఘాల్లో సేవ చేయిస్తారు. కాబట్టి ముందు అడగాల్సింది, నేను అయ్యగారిని కావాలనుకుంటున్నానా అని. అర్ధరాత్రి ఎవరింట్లోనో చావు జరిగితే పరిగెత్తాలి, పెళ్లిళ్లు జరిపించాలి, కమిటీ తగాదాలు తీర్చాలి. ఆ పిలుపు ఉన్నవాళ్లు ఇంటి ఈఎంఐ లెక్కలు చూసుకుని వెళ్లిపోవడమే మంచిది. నాకున్నది ఆ పిలుపు కాదు. నాకు తెలుసుకోవాలని ఉంది, తెలుసుకున్నది నలుగురికీ చెప్పాలని ఉంది. దానికోసం నాలుగేళ్ల జీతం, ఇద్దరు పిల్లల చదువు పణంగా పెట్టడం న్యాయంగా అనిపించలేదు.

ఇక రెండూ కలిసే ఉద్యోగం. వినడానికి ఇదే అన్నిటికంటే బాగుంటుంది. పుస్తక ప్రచురణ, టీవీ చానెళ్లు, మహాసభలు, సేవా సంస్థలు, అన్నిచోట్లా ప్రచారం తెలిసినవాళ్లు కావాలి. మాటలు కూడా రెండు వైపులా ఒకటే. మా ఆఫీసులో మిషన్ అంటాం, కన్వర్షన్ అంటాం, టెస్టిమోనియల్ అంటాం. ఆపిల్ కంపెనీలో 1980లలోనే ఎవాంజెలిస్ట్, అంటే సువార్త ప్రకటించేవాడు, అనే పేరుతో ఉద్యోగం ఉండేది. ఇన్ని కలుస్తున్నప్పుడు మనుషులం మనమెందుకు కలవం అనుకున్నాను.

ఆరేళ్ల క్రితం ఒక సభల కమిటీకి సెలవు రోజుల్లో ప్రచారం పని చేసిపెట్టాను. ఫ్లెక్సీలు, కరపత్రాలు, వాట్సాప్ పోస్టర్లు. ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాల్లో ఒక లైను కావాలన్నారు. నూనెకి రాసే అలవాటే కదా, పది నిమిషాల్లో రాసిచ్చాను: "ఒక్క రాత్రి రండి, మీ కన్నీరు తుడుచుకుపోతుంది." అందరికీ నచ్చింది. రెండో రోజు సాయంత్రం స్టేజీ వెనకాల కుర్చీలు సర్దుతుంటే ఒకావిడ వచ్చింది. చంకలో ఆరేడేళ్ల బాబు, కాళ్లు సన్నగా వేలాడుతున్నాయి. ఫోన్‌లో నా పోస్టర్ తెరిచి చూపించి, "బ్రదర్, నిన్న వచ్చాం. ఇవాళ కూడా వచ్చాం. ఇంకెన్ని రాత్రులు రావాలి?" అని అడిగింది. నిష్ఠూరం కాదు, నిజంగానే లెక్క అడిగింది. బస్సు చార్జీలు చూసుకోవాలి కదా. నా దగ్గర సమాధానం లేదు. ఆ బాబు నా ఐడీ కార్డు పట్టుకుని ఆడుకుంటున్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి రెండో కొరింథీ పత్రిక తీశాను. రెండో అధ్యాయం పదిహేడో వచనంలో పౌలు, దేవుని వాక్యమును "కలిపి చెరిపెడు" అనేకుల్లాంటివాళ్లం కామని అంటాడు. గ్రీకులో అక్కడున్న క్రియ కపేలెవో. చిల్లర వ్యాపారం చేయడమని దాని అర్థం. యెషయా గ్రంథపు పాత గ్రీకు అనువాదంలో, ద్రాక్షారసంలో నీళ్లు కలిపే వర్తకులకి వాడింది కూడా ఈ కుటుంబంలోని మాటే. అమ్మకం, కల్తీ రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మన తెలుగు అనువాదకులు కల్తీ వైపు మొగ్గారు. పగలంతా కల్తీ లేని నూనె అని అమ్మే మనిషిని, సాయంత్రం నేను చేసింది ఏమిటో ఆ వచనం చూపించింది.

క్రైస్తవ సంస్థల్లో ప్రచారం చేసేవాళ్లంతా అంతే అనడం లేదు. రక్తదాన శిబిరానికో, పుస్తకాల అమ్మకానికో, స్కూలు అడ్మిషన్లకో నిజాయితీగా పనిచేసేవాళ్లు నాకు తెలుసు. కానీ విశ్వాసాన్ని చదువుకోవాలనుకునే మనిషికి ఈ దారి అన్నిటికంటే ప్రమాదం. వచ్చిన జనం లెక్కే ఫలితమైపోతుంది. వాక్యం తెరిస్తే ముందు కనపడేది అర్థం కాదు, క్యాప్షన్.

అందుకే నా ఓటు మధ్య దారికి. ఉద్యోగం వేరు, చదువు వేరు. పనిచేస్తున్న చోటికే దైవశాస్త్రం చదువు రావాలన్న పద్ధతి 1963లో గ్వాటెమాలాలో మొదలైంది. ఊళ్లూ పొలాలూ వదిలి సెమినరీకి రాలేని సంఘ పెద్దల కోసం పాఠాలే వాళ్ల దగ్గరికి పంపారు. మన దేశంలో అదే పద్ధతిలో బెంగళూరు కేంద్రంగా టాఫ్టీ అనే సంస్థ నడుస్తోంది. సేరంపూర్ సెనేట్‌కి కూడా బయటినుంచి చదివే బీసీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) ఉంది, ఉద్యోగస్తులు ఇంట్లో చదువుకుని పరీక్ష రాయొచ్చు.

దీని ఇబ్బంది దీనికుంది. మార్చిలో, దసరా దీపావళి సీజన్‌లో పుస్తకం ముట్టుకోలేం. ఒంటరితనం ఇంకా కష్టం, తప్పుగా అర్థం చేసుకున్నా సరిచేసేవాళ్లుండరు. నేను నెలకోసారి మా అయ్యగారి దగ్గర కూర్చుంటున్నాను. ఆయన బీడీ చదివినవారు, "ఇది ఎవరి వ్యాఖ్యానం బాబూ, నీదేనా?" అని మొదటి ప్రశ్నకే పట్టేస్తారు. జీతం బయటినుంచి వస్తోంది కాబట్టి సండే స్కూల్లో పాఠం చెప్పేటప్పుడు ఎవరికీ నచ్చేలా మార్చాల్సిన అవసరం లేదు. బైబిల్లోని అపొస్తలుల కార్యాల్లో అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు డేరాలు కుట్టుకుని బతికేవాళ్లే. లేఖనాల్లో అంత ప్రవీణుడైన అపొల్లో అనే బోధకుణ్ని పక్కకి తీసుకెళ్లి దేవుని మార్గాన్ని ఇంకా సరిగ్గా వివరించింది వాళ్లే.

ఆఫీసులో కూడా ఒకటి మారింది. పోయిన నెల కొత్త ప్యాకెట్ మీద "గుండెకి రక్ష" అని వేద్దామని ఏజెన్సీ వాళ్లు తెచ్చారు. ఏ పరీక్ష చూపించి ఈ మాట అంటున్నామని అడిగాను. లైను తీసేశారు. గ్రీకు వ్యాకరణం ఏడో పాఠం దగ్గరుంది, దీపావళి అయ్యాక ఎనిమిదోది మొదలుపెడతాను.